పాలమూరు, నల్లగొండ చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్: ఎవరికి లాభం, ఎలా కట్టుకోవాలి

గద్వాలలో పట్టుచీరల దుకాణానికి ఊరివాళ్లు మాత్రమే రారు. పెళ్లి బట్టల కోసం హైదరాబాద్ నుంచి, కర్నూలు నుంచి, రాయచూరు నుంచి కారు కట్టుకుని వచ్చేవాళ్లూ ఉంటారు. వీళ్లు ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే దిగేసరికే ఏ దుకాణం ముందు ఆగాలో ఫోన్లో చూసి అనుకుని ఉంటారు. అలా చూసినప్పుడు మీ దుకాణం కనబడకపోతే మీ దగ్గర ఎంత మంచి చీర ఉన్నా అది బీరువాలోనే ఉంటుంది. వెబ్‌సైట్ పనికొచ్చేది ఇక్కడే. మీ మొహం ఎరగని మనిషి, దూరాన ఉండి, పెద్ద మొత్తం ఖర్చు పెట్టబోతూ, మిమ్మల్ని నమ్మాలా వద్దా అని ఆలోచించే ఆ కాసేపటి కోసమే అది.

ఈ లెక్కన అందరికీ వెబ్‌సైట్ అక్కర్లేదు. కిరాణం, టిఫిన్ సెంటర్, పంక్చర్ షాపు, మోటారు వైండింగ్ పెట్టుకున్నవాళ్లు దాని మీద పైసలు పెట్టడం దండుగ. బోరు మోటారు కాలిపోయిన రైతు వెబ్‌సైట్లు చదువుతూ కూర్చోడు, దగ్గర్లో ఎవరున్నారో మ్యాపులో చూసి ఫోన్ కొడతాడు. ఇక గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాక చేనేత అమ్మేవాళ్లు, ఫంక్షన్ హాళ్లు, యాదగిరిగుట్టలోనూ నాగార్జునసాగర్‌లోనూ లాడ్జీలు నడిపేవాళ్లు, కొల్లాపూర్ మామిడినీ బాలానగర్ సీతాఫలాన్నీ పెట్టెల్లో పంపేవాళ్లు, పచ్చళ్లు, పొడులు చేసేవాళ్లు, మిర్యాలగూడలో టోకు బియ్యం అమ్మేవాళ్లు ఉన్నారు. వీళ్లకు ఖర్చు తిరిగొచ్చే అవకాశం బాగా ఉంది, ఎందుకంటే వీళ్లందరి గిరాకీ దూరంలో ఉంది.

ముందు ఒక వారం ఫోన్లు రాసుకోండి

డిజైన్ గురించి మాట్లాడకముందే చేయాల్సిన పని ఇది. బిల్లు పుస్తకం పక్కన ఒక నోటుబుక్కు పెట్టి, వారం రోజులు ఫోన్‌లో, వాట్సాప్‌లో జనం ఏమడుగుతున్నారో వాళ్ల మాటల్లోనే రాయండి. ఫంక్షన్ హాలుకైతే ఇలా ఉంటాయి: ‘ఎంతమంది పడతరు?’, ‘రూములెన్ని, ఏసీ ఎన్నిట్లో?’, ‘వంటవాళ్లు మావాళ్లయితే ఒప్పుకుంటరా?’, ‘జనరేటర్ డీజిల్ ఎవరిది?’, ‘ఫలానా తారీఖు ఖాళీ ఉందా?’ ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలేవో అవే మీ పేజీలు. ఈ పని చేయకుండా కట్టిన సైట్లలో ‘మా లక్ష్యం’, ‘మా దృక్పథం’ అని రెండు పేజీలుంటాయి కానీ హాలు కిరాయి ఎంతో ఉండదు.

ధర వేయాలా అన్నది ప్రతి దుకాణంలోనూ వచ్చే తగువు. పక్కవాడు చూస్తాడని భయం. పక్కవాడికి మీ రేటు ముందే తెలుసు, తెలియనిది కొనేవాళ్లకే. కచ్చితమైన అంకె వేయలేకపోతే ‘ఇంత నుంచి ఇంత దాకా’ అని వేయండి. ధర అసలే లేని పేజీ చూసి ఫోన్ చేసేవాళ్లకంటే వెనక్కి పోయేవాళ్లే ఎక్కువ.

తర్వాత గూగుల్ మ్యాపులో పేరు

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, వెబ్‌సైట్ కంటే ముందే ఇది ఉండాలి. బోర్డు మీద ఏ పేరుందో అదే పేరు ఇవ్వండి. పేరు పక్కన ‘బెస్ట్ పట్టు సారీస్ ఇన్ గద్వాల్’ లాంటివి తగిలిస్తే ప్రొఫైల్‌ను గూగుల్ ఆపేయవచ్చు. ఇప్పుడు తనిఖీ ఎక్కువగా వీడియోతో జరుగుతోంది. 30 సెకన్లకు తగ్గకుండా, మధ్యలో ఆపకుండా, ఎడిట్ చేయకుండా తీయాలి. రోడ్డు, పక్క దుకాణాలు, మీ బోర్డు, తర్వాత లోపలి సరుకు, చివర మీరే యజమాని అని తెలిసేలా షటర్ తాళం తీయడమో గల్లాపెట్టె వెనక్కి వెళ్లడమో కనిపించాలి. బోర్డు ఒక పేరు, దరఖాస్తు ఇంకో పేరు అయితే తిరస్కరిస్తారు. ఆధార్, బ్యాంకు కాగితాలు వీడియోలో చూపించవద్దు.

గతంలో ఈ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఒక చిన్న వెబ్‌సైట్ కూడా ఉచితంగా ఇచ్చేది. 2024 మార్చిలో దాన్ని మూసేసింది. ఆ అడ్రసును విజిటింగ్ కార్డుల మీద, ఫ్లెక్సీల మీద అచ్చు వేయించుకున్నవాళ్ల గతి ఏమైందో ఊహించుకోవచ్చు. సొంత పేరు మీద డొమైన్, అంటే సైట్ అడ్రసు, కొనమనేది అందుకే.

డొమైన్: ఇక్కడ తప్పితే తర్వాత దిద్దుకోవడం కష్టం

డాట్ ఇన్, డాట్ కామ్ ఏదైనా సరే. ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా అవుతుంది. మొదటి ఏడాది తక్కువకు ఇచ్చి రెండో ఏడాది అసలు ధర చూపిస్తారు కాబట్టి కొనేముందే రెన్యువల్ రేటు చూడండి.

పేరు ఫోన్‌లో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా టైపు చేయగలగాలి. మన పేర్లతో చిక్కు ఇదే. లక్ష్మిని ఇంగ్లిష్‌లో కొందరు ఎక్స్‌తో రాస్తారు, కొందరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు. నల్లగొండకు, మహబూబ్‌నగర్‌కు ఎవరి స్పెల్లింగు వాళ్లదే. అలాంటి పేరు తప్పదనుకుంటే రెండు స్పెల్లింగులూ కొని, రెండోదాన్ని మొదటిదానికి మళ్లించండి. హైఫన్లు, అంకెలు వద్దు. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్లు కూడా దొరుకుతాయి. చూడటానికి బాగుంటుంది గానీ ఇంగ్లిష్ కీబోర్డు వాడేవాళ్లకు టైపు చేయడం ఇబ్బంది. దాన్ని రెండో పేరుగా పెట్టుకోవచ్చు, అదొక్కటే పెట్టుకోవద్దు.

అన్నిటికంటే పెద్ద సంగతి డొమైన్ ఎవరి పేరు మీద ఉందన్నది. సైట్ చేసే కుర్రాడు తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో కొనేస్తాడు. మోసం చేద్దామని కాదు, పని తొందరగా అవుతుందని. రెండేళ్లకు అతను బెంగళూరులో ఉద్యోగానికి పోతాడు, నంబరు మారుతుంది, రెన్యువల్ హెచ్చరికలు ఎవరూ చూడని ఈమెయిల్‌కు వెళ్తుంటాయి. గడువు దాటాక కొన్ని వారాలు ఆగుతారు, ఆ తర్వాత ఎక్కువ రుసుము కట్టి విడిపించుకోవాలి, అదీ దాటితే పేరు బజార్లో పడుతుంది. కాబట్టి డొమైన్ మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో, మీ కార్డుతోనే కొనాలి. ఓటీపీ మీకే రావాలి. సైట్ చేసేవాళ్లకు సెట్టింగుల అనుమతి ఇస్తే చాలు.

ఎక్కడ కట్టించాలి

మూడు దారులున్నాయి. ఐదు పేజీలు, ఫోటోలు, ఫోన్ నంబరు చాలనుకుంటే గూగుల్ సైట్స్‌లో ఉచితంగా చేసుకుని సొంత డొమైన్ తగిలించుకోవచ్చు. అందం తక్కువ, బెడద కూడా తక్కువే. కొనేవాళ్లు సరుకు ఎంచి వేసుకునే బుట్ట (కార్ట్), బిల్లు, స్టాకు అన్నీ కావాలంటే షాపిఫై లాంటి నెలవారీ అద్దె సేవలున్నాయి. సాంకేతిక పని వాళ్లే చూసుకుంటారు, గిరాకీ లేని నెల కూడా అద్దె కట్టాలి. మధ్యలో వర్డ్‌ప్రెస్ ఉంది. సాఫ్ట్‌వేర్ ఉచితం, సైట్‌ను ఇంటర్నెట్‌లో ఉంచే హోస్టింగ్‌కు మాత్రం ఏటా డబ్బు కట్టాలి, దాన్ని అప్‌డేట్ చేస్తూ ఉండే మనిషి ఉండాలి. ఆ మనిషి లేకపోతే వర్డ్‌ప్రెస్ జోలికి పోవద్దు.

బయటివాళ్లతో చేయిస్తుంటే అడ్వాన్సు ఇవ్వకముందే ఇవి కాగితం మీద రాయించుకోండి: హోస్టింగ్ లాగిన్, సైట్ అడ్మిన్ లాగిన్ మీ చేతికి ఇవ్వడం, బ్యాకప్ ఎన్ని రోజులకోసారి తీస్తారు, ఏడాది నిర్వహణకు ఎంత, చిన్న మార్పుకు ఎంత. పైరసీ థీములు, అంటే సైట్ రూపానికి వాడే రెడీమేడ్ నమూనాల దొంగ కాపీలు, వాడవద్దని కూడా రాయించండి. వాటిలో దొంగ కోడ్ ఉంటుంది. కొన్ని నెలలకు మీ దుకాణం పేరుతో గూగుల్‌లో జపనీస్ అక్షరాలో జూదం పేజీలో కనబడటం మొదలవుతుంది, ఆ బురద కడగడానికి కొత్త సైటంత ఖర్చవుతుంది.

సైట్‌కు, చూసేవాళ్లకు మధ్య పోయే సమాచారాన్ని మూడోవాళ్లు చదవకుండా కాపాడే ఎస్‌ఎస్‌ఎల్‌కు వేలు అడిగితే ఇవ్వవద్దు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, మంచి హోస్టింగ్ సంస్థలు దాన్నే పెట్టి గడువు తీరకముందే వాటంతటవే తిరిగి వేస్తాయి.

తెలుగు రాత: ఎక్కువమంది దెబ్బతినే చోటు

కరపత్రం, ఫ్లెక్సీ, పెళ్లి కార్డు చేసే డీటీపీ షాపుల్లో తెలుగు చాలామటుకు అను ఫాంట్లలోనే టైపవుతుంది. అది యూనికోడ్ కాదు, అంటే అన్ని ఫోన్లు, కంప్యూటర్లు ఒకేలా చదివే అక్షరాల పద్ధతి కాదు. కంప్యూటర్ దృష్టిలో అవి తెలుగు అక్షరాలే కావు, తెలుగు బొమ్మలు తొడిగిన ఇంగ్లిష్ గుర్తులు. ఆ మ్యాటర్‌ను అలాగే సైట్‌లో అతికిస్తే ఫోన్‌లో పిచ్చి గీతలు వస్తాయి. ఫాంటు కూడా ఎక్కించి ఎలాగో కనబడేలా చేసినా గూగుల్‌కు అది తెలుగని తెలియదు, ‘గద్వాల చీరలు’ అని వెతికినవాళ్లకు మీ పేజీ రాదు. పాత మ్యాటరుంటే కన్వర్టర్‌లో యూనికోడ్‌కు మార్చి, వత్తులు ఒక్కొక్కటీ సరిచూడండి. మార్చినప్పుడు ఎక్కువగా చెడేవి అవే. కొత్తగా రాస్తుంటే ఫోన్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డు పెట్టుకుని నోటితో చెప్పి, తర్వాత దిద్దుకోవడం తేలిక.

ఫ్లెక్సీ బొమ్మనే తెచ్చి మొదటి పేజీలో పెట్టడం ఇంకో అలవాటు. ఫోన్ తెరమీద ఆ అక్షరాలు చీమల్లా ఉంటాయి, బొమ్మలోని ఫోన్ నంబరు నొక్కితే కాల్ పోదు.

కనబడే తీరు గురించి రెండు ముక్కలు. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుస ఎడం తెలుగుకు చాలదు, పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్లు వరుస ఎత్తు పెట్టమనండి. ఫాంట్లు నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

పేజీ అడ్రసు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి. ‘గద్వాల’ అన్న మాటను అడ్రసులో పెడితే, వాట్సాప్‌లో పంపినప్పుడు అది శాతం గుర్తులతో 54 అక్షరాల తోకగా మారవచ్చు. కంప్యూటర్‌కు అది గ, ద, పొల్లు, వ, దీర్ఘం, ల అని ఆరు ముక్కలు, ఒక్కో ముక్కకు తొమ్మిది గుర్తులు. అలాంటి లింకు చూస్తే జనం మోసమనుకుంటారు.

పేజీ శీర్షికలో తెలుగు, ఇంగ్లిష్ లిపి రెండూ ఉండనివ్వండి. తెలుగువాళ్లలో కూడా ఇంగ్లిష్ అక్షరాలతోనే వెతికేవాళ్లు చాలామంది. ‘గద్వాల కుట్టు బోర్డర్ పట్టుచీరలు’ అని తెలుగులో, అదే సంగతి ఇంగ్లిష్‌లో క్లుప్తంగా. ఊరి పేరు తప్పకుండా ఉండాలి.

ఫోటోలు, వస్తువు వివరాలు

చీర వెనక్కి రావడానికి పెద్ద కారణం రంగు తేడా. దాన్ని తగ్గించుకునే పద్ధతి ఇది. పొద్దున 8 నుంచి 10 మధ్య, నేరుగా ఎండ పడని వరండాలో తీయండి. ఫ్లాష్ వద్దు, జరీ తెల్లగా మెరిసి డిజైన్ పోతుంది. ట్యూబులైటు, పగటి వెలుగు కలిసి పడనివ్వవద్దు. చీర పక్కన తెల్ల కాగితం పెట్టి ముందు ఒక ఫోటో తీసి చూడండి, కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే చీర రంగు కూడా అంతే తప్పుతుంది. ఫిల్టర్లు వాడవద్దు.

ఒక్కో చీరకు ఐదు ఫోటోలు చాలు: మొత్తం, కొంగు, అంచు దగ్గరగా, వెనక వైపు, జాకెట్ ముక్క. వెనక వైపు ఎందుకంటే, తెలిసినవాళ్లు ముందు చూసేది దాన్నే. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. అద్దకం నకిలీ అయితే వెనక వెలిసినట్టుంటుంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కలిసే కుట్టు జాగా దగ్గరగా చూపించండి. మగ్గం మీద ఆ కలయిక పడ్డ తీరే మీ సరుకుకు సాక్ష్యం.

కింద రాయాల్సినవి: పొడవు, జాకెట్ ముక్క కలిపా విడిగానా, ఒళ్లు ఏ నూలు, అంచు ఏది, జరీ ఏ రకం, బరువు, ఉతికే పద్ధతి, హ్యాండ్‌లూమ్ మార్క్, సిల్క్ మార్క్ ఉంటే ఆ సంగతి. లేనిది ఉన్నట్టు రాయవద్దు. పచ్చళ్లు, పొడులైతే ఫుడ్ లైసెన్సు 14 అంకెల నంబరు, నికర బరువు, పదార్థాలు, ఎన్నాళ్లు నిలవ ఉంటుందో రాయాలి.

ఫోన్ కెమెరా ఫోటో ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటుంది. అలాగే ఎక్కిస్తే అచ్చంపేట దాటి మన్ననూరు వైపు సిగ్నల్ పలచబడ్డ చోట పేజీ తెరుచుకునేలోపు మనిషి విసుగెత్తి పోతాడు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫోటో రకంలో 200 కేబీ లోపు ఉంచండి. పక్క దుకాణం ఫోటోలు దించుకుని వాడటం మాత్రం వద్దు. ఒకే ఫోటో రెండు చోట్ల చూసినవాళ్లు ఇద్దరినీ నమ్మరు.

ఆర్డరు, పైసలు, పార్సిలు

మొదటి ఆరు నెలలు బుట్ట, పేమెంట్ గేట్‌వే (సైట్‌లోనే డబ్బు కట్టించుకునే సేవ) అవసరం లేదు. ప్రతి చీరకు ఒక కోడ్ ఇచ్చి, కింద వాట్సాప్ బటన్ పెడితే చాలు. ఆ బటన్ వెనకుండే లింకులో నంబరు 91తో మొదలై పది అంకెలతో ముగియాలి. ముందు ప్లస్ గుర్తు, సున్నా, మధ్యలో ఖాళీలు ఉంటే పనిచేయదు. లింకులోనే ఒక వాక్యం ముందుగా రాసి పెట్టవచ్చు: ‘వెబ్‌సైట్‌లో జీడీ 114 చీర చూశాను, ఉందా?’ అని. దీనివల్ల రెండు లాభాలు: ఏ చీరో మళ్లీ అడగక్కర్లేదు, ఎవరు వెబ్‌సైట్ చూసి వచ్చారో మీకు దానంతటదే తెలుస్తుంది.

యూపీఐకి డబ్బు వేశామని పంపే స్క్రీన్‌షాట్ నమ్మవద్దు, నకిలీవి చేయడం తేలిక. బ్యాంకు ఖాతాలో పడ్డాకే పార్సిల్ కట్టండి. గేట్‌వే పెట్టుకునే రోజు వస్తే, కార్డు చెల్లింపుల మీద సుమారు 2 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ పోతుందని లెక్కలో వేసుకోండి. పాన్, బ్యాంకు ఖాతాతో పాటు సైట్‌లో సంప్రదించే చిరునామా, వాపసు నియమాలు, పార్సిల్ నియమాలు, గోప్యతా విధానం పేజీలు లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదు.

ఎక్కువ తగాదాలు తెచ్చేది స్టాకు. మగ్గం మీద ఒక్కటే వచ్చిన చీర మధ్యాహ్నం దుకాణంలో అమ్ముడవుతుంది, సాయంత్రం సైట్‌లో ఎవరో డబ్బు కడతారు. బిల్లు కొట్టే మనిషే అదే నిమిషంలో ఫోన్‌లో ఆ కోడ్‌ను ‘అమ్ముడైంది’ అని మార్చాలి. ‘రాత్రి దుకాణం మూశాక చూద్దాం’ అంటే గొడవ తప్పదు.

ఇంటికొచ్చాక డబ్బిచ్చే పద్ధతి చీరలకు మంచిది కాదు. తీసుకోకుండా తిప్పి పంపితే రెండు వైపులా ఖర్చు మీదే. తప్పదంటే కొంత అడ్వాన్సు తీసుకోండి. పార్సిల్ కట్టేటప్పుడు చీర కోడ్, అంచు కనిపించేలా చిన్న వీడియో తీసి ఉంచుకుంటే వాదన వచ్చినప్పుడు పనికొస్తుంది.

చట్టం సంగతులు కొన్ని

తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవర్. అయితే రాష్ట్రం దాటి సరుకు పంపితే ఆ పరిమితి మామూలుగా వర్తించదు, మొదటి పార్సిల్ నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. గద్వాలవాళ్లకు ఇది గట్టిగా తగులుతుంది, ఎందుకంటే వాళ్లకు హైదరాబాద్ కంటే కర్నూలు, రాయచూరు దగ్గర, రెండూ వేరే రాష్ట్రాలు. చేనేత, హస్తకళల వస్తువులకు 20 లక్షల దాకా సడలింపు ఉంది గానీ పాన్, ఈ-వే బిల్లు షరతులున్నాయి, మరమగ్గం సరుకుకు అది రాదు. సైట్ తెరవకముందే అకౌంటెంట్‌తో కూర్చుని ఇది తేల్చుకోండి.

ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలున్నాయి. వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, నంబరు సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చిన్న దుకాణంలో ఆ అధికారి యజమానే కావచ్చు.

తెరిచాక

మీ సైట్ వెతుకులాటలో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో, ఉచితమే, సైట్‌ను చేర్చి సైట్‌మ్యాప్, అంటే పేజీల జాబితా, ఇవ్వండి. పేజీలు వెతుకులాటలో కనబడటానికి రోజులు పట్టవచ్చు, వారాలు పట్టవచ్చు. ‘వారంలో గూగుల్ మొదటి పేజీలో పెడతాం’ అని ఫోన్ చేసేవాళ్లకు డబ్బు ఇవ్వవద్దు, ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. మ్యాపు ప్రొఫైల్‌లో, వాట్సాప్ బిజినెస్‌లో, బిల్లు పుస్తకం మీద, సంచుల మీద సైట్ అడ్రసు ఒకే రకంగా వేయించండి.

ఈ ఆలస్యం వల్లే సమయం ముఖ్యం. శ్రావణం గిరాకీ కావాలంటే సైట్ వేసవిలోనే లేవాలి. మాఘం పెళ్లిళ్ల కోసమైతే దసరా నాటికి ఉండాలి. ఫోటోలు తీయడానికి మూఢం రోజులను మించినవి లేవు, దుకాణంలో మనుషులు ఖాళీగా ఉంటారు.

లాభం లెక్క సూటిగా వేయండి. ‘వెబ్‌సైట్‌లో చూశాను’ అని మొదలైన వాట్సాప్ సందేశాలెన్ని, వాటిలో బిల్లయినవెన్ని, వాటి మీద మిగిలింది ఎంత? నేరుగా దుకాణానికి వచ్చినవాళ్లను కూడా ‘ఎక్కడ చూసి వచ్చిన్రు’ అని అడిగి బిల్లు వెనక ఒక గుర్తు పెట్టండి. ఒక పెళ్లిళ్ల సీజను, ఒక పండుగ సీజను గడిచాక ఆ మిగులు సైట్ ఖర్చుకు చాలకపోతే, ముందు ధరలున్నాయా, ఫోటోలు కొత్తవేనా, వాట్సాప్‌కు గంటలోపు జవాబు పోతోందా చూడండి. అవన్నీ సరిగా ఉన్నా గిరాకీ లేకపోతే అద్దె సేవలు ఆపేసి ఒక్క పేజీకి కుదించుకోండి. డొమైన్‌ను మాత్రం వదలకుండా ఏటా రెన్యువల్ చేస్తూ పోండి. వదిలిన పేరును ఎవరైనా కొని మీ పాత గిరాకీని తమవైపు తిప్పుకోవచ్చు.